అరుగు మీద ఎవరికి చోటు

డాలస్ చుట్టుపక్కల మా గుంటూరు, ప్రకాశం వాళ్ళు నలుగురు కలిస్తే మాట మూడు దారుల్లోనే నడుస్తుంది. ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ఈసారైనా గట్టెక్కుతారా, ఎవరింట్లో ఏం పాడైంది, పండక్కి వంట ఎక్కడ. బయటినుంచి వినేవాళ్ళకు ఇవి పొద్దుపోని కబుర్లు. మన తెలుగు సంఘాల సంచికల్లో విలువల మీద వచ్చే వ్యాసాలు పద్యం గురించి, కూచిపూడి గురించి, తెలుగు బడి గురించి చెబుతాయి. వాటి అవసరం నాకు తెలుసు, మా పిల్లలూ ఆ బడికే వెళ్ళారు. కానీ గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మేం నేర్చుకున్న మంచి అంటూ ఏదైనా ఉంటే, అది ఎవరో కూర్చోబెట్టి చెప్పగా రాలేదు. పెద్దవాళ్ళు అరుగు మీద మాట్లాడుకుంటుంటే పక్కన చేరి విన్నాం. ఆ మాట పూర్తయ్యేలోపు ఎవరో ఒకరు లేచి పనికి బయల్దేరడం చూశాం. అందుకే ఈ కబుర్ల గురించే రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి. టెక్సస్‌లో రెడ్ రివర్ దాపు నుంచి శాన్ ఆంటోనియో దాకా నల్లమట్టి నేల ఒక పట్టీలా సాగుతుంది. బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. డాలస్‌లో చాలా భాగం, ప్లేనో, అలెన్, ఫ్రిస్కో దాని మీదే ఉన్నాయి. ఒకప్పుడు ఇదంతా పత్తి నేల. పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు, చిలకలూరిపేట చుట్టూ మనం దున్నిన నల్లరేగడీ, ఈ మట్టీ ఒకే జాతివి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, నడివేసవిలో చేతికర్ర దిగేంత లోతుకు నెర్రెలిస్తుంది. (పర్చూరు, ఇంకొల్లు 2022లో బాపట్ల జిల్లాలో కలిశాయి. మా నోళ్ళలో మాత్రం అవి ఇంకా ప్రకాశమే.) ఊళ్ళో ఈ మట్టి గుణం తెలిసిన మేస్త్రీ పునాది గుంటలో ఇసుక పోసి, నీళ్ళు పట్టించి, తొక్కించి, అప్పుడు రాయి మొదలుపెట్టేవాడు. ఇక్కడ కాంక్రీటు పలక మీద ఇల్లు లేస్తుంది. జూలై, ఆగస్టుల్లో పలక అంచున మట్టి ఎండి ముడుచుకుంటే ఒక మూల కుంగుతుంది. ముందు పడగ్గది తలుపు గొళ్ళెం పడదు. తర్వాత కిటికీ మూల నుంచి ఏటవాలుగా సన్నటి బీట. ఆ బీట వెడల్పయ్యేదాకా చూస్తూ కూర్చుంటే, పలక కింద స్తంభాలు దింపి ఎత్తడానికి వేల డాలర్లు పోయాలి.

కాబట్టి వేసవి వచ్చిందంటే మట్టి ఎండకుండా ఇంటి చుట్టూ తడి పెడతాం, మా పలకరింపే మారిపోతుంది.

"ఏంది బావా, తలుపు మళ్ళీ పట్టేస్తందా? నీళ్ళు పెడతన్నావా లేదా?"

"పెడతన్నా గానీ పడమటి పక్క అందట్లేదురా."

"శనివారం వస్తా, గొట్టం పొడిగిద్దాం."

ఇంతే సంభాషణ. శనివారం ఆ గొట్టం నిజంగానే పొడుగవుతుంది. సన్నటి బెజ్జాలున్న నల్ల గొట్టం, గోడకు అడుగున్నర ఎడంగా, ఇంటి చుట్టూ.

మా నాన్న ఇక్కడికి వచ్చిన వేసవిలో ఆ గొట్టాన్ని చూసి, "ఇంటికి కూడా తడి పెడతారంట్రా ఇక్కడ?" అని అడిగాడు. గడ్డి పక్కకు తీసి, చిటికెడు మట్టి వేళ్ళ మధ్య నలిపి, "రేగడే" అన్నాడు. ఆ రోజు నుంచి గొట్టం ఆయన చేతిలోకి వెళ్ళిపోయింది. గోడకు ఆనించి వెయ్యొద్దు, ఎండి బీటలిచ్చిన నేలకు ఒక్కసారే నీళ్ళు తాగించొద్దు, కొంచెం కొంచెంగా పెట్టు అన్నాడు. ఇక్కడ పునాదులు చూసే ఇంజనీర్లు చెప్పే మాటా అదే. ఇది గమనించిన పక్కింటి పెద్దాయన ఒక సాయంత్రం కంచె దగ్గరికి వచ్చాడు. ఆయన తాతలు ఈ నేలలోనే పత్తి వేశారట. మా అమ్మాయి ఇద్దరి మధ్యా నిలబడి మాటలు అటూ ఇటూ చేరవేసింది. పత్తికాయను తొలిచే ముక్కుపురుగు 1892 ప్రాంతంలో మెక్సికో నుంచి టెక్సస్‌లోకి దిగి తర్వాత దక్షిణాది పత్తినంతా తినేసిన వైనం ఆయన చెప్పాడు. మా నాన్న 1980ల్లో తెల్లదోమ వచ్చిన ఏళ్ళు చెప్పాడు. ఎన్ని మందులు కొట్టినా ఆకుల కింద బూడిద చల్లినట్టు అది అలాగే ఉండేదని, ఆ తర్వాత శనగపచ్చ పురుగు వచ్చిందని, అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్న రైతులు తాను ఎరిగినవాళ్ళేనని. మా అమ్మాయికి ఆ కథ అంతవరకూ ఎవరమూ చెప్పలేదు. తాత మాట తర్జుమా చేస్తూ అక్కడే, ఆ కంచె దగ్గరే మొదటిసారి విన్నది. ఏ బడిలోనూ ఆ పాఠం దొరకదు.

ఫుట్‌బాల్ విషయంలో కూడా నాకు దారి చూపింది నాన్నే. ఈ ఆట నాకు చాలాకాలం తలకెక్కలేదు. ఆయన టీవీలో పది గజాల గొలుసు పట్టుకుని మైదానంలోకి పరుగెత్తుకొచ్చేవాళ్ళను చూసి, "ఇది బండలాగుడే" అన్నాడు. ఒంగోలు గిత్తల జత బండను ఎన్ని అడుగులు లాగిందో టేపు పట్టి కొలుస్తారు చూడండి, ఇక్కడా బంతిని ఎంత దూరం తోశారన్నదే లెక్క అని ఆయన భావం. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు జరిపితే ఆట సాగుతుంది, లేకపోతే బంతి అవతలివాళ్ళది. ఇక మా పిల్లలకు ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదే. 2026 ప్రపంచ కప్‌లో తొమ్మిది మ్యాచ్‌లు ఆర్లింగ్టన్‌కు దక్కాయన్నప్పుడు ఇంట్లో మూడు రోజులు అదే మాట. మా వాళ్ళకు నిజంగా చేతనయిన ఆట వాలీబాల్. ఊరి బడి ఆవరణలో నేర్చింది ఇక్కడి తెలుగు సంఘాల పోటీల్లోనూ పనికొస్తోంది.

కబుర్లు పనిలోకి ఎలా దిగుతాయో నేను కళ్ళారా చూసింది 2021 ఫిబ్రవరిలో. 7వ తేదీన సూపర్ బౌల్. టాంపా బే జట్టు కాన్సస్ సిటీని 31–9తో ఓడించింది. వారమంతా ఫోన్లలో ఆ ఆట గురించే. ఆ వారాంతంలో మంచు తుఫాను దిగింది. 16వ తేదీన డాలస్ విమానాశ్రయంలో సుమారు మైనస్ 19 డిగ్రీల సెల్సియస్. రాష్ట్రంలో 40 లక్షలకు పైగా ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు పోయింది. ఇక్కడి ఇళ్ళు ఎండను ఆపడానికి కట్టినవి, చాలా ఇళ్ళలో నీళ్ళ గొట్టాలు అటక మీదుగా వెళతాయి. నీరు గడ్డకట్టి గొట్టం చీలుతుంది. మంచు కరిగేటప్పుడు ఆ చీలికలోంచి నీళ్ళు దూకి సీలింగు ఊడిపడుతుంది. సత్తెనపల్లి తమ్ముడి ఇంట్లో అదే జరిగింది. కొత్తగా కొన్న ఇల్లు, చంటిపిల్ల. "అన్నా, పైనుంచి కారతంది, ఎక్కడ కట్టాలో తెలవట్లా" అని ఫోను. నీళ్ళ మీటరు వీధి అంచున నేలలో ఉంటుంది. మూత ఎత్తితే లోపల వాల్వు. దాన్ని తిప్పడానికి పైన అడ్డ పిడి ఉన్న పొడవాటి ఇనుప కడ్డీ కావాలి. మా అందరిలో ఆ కడ్డీ మార్టూరు బావ దగ్గరే ఉంది. అంతకుముందు ఒక శనివారం కబుర్లలో "ఇది ప్రతి ఇంట్లో ఉండాలి" అని ఎవరో అంటే, అందరం తలూపి ఊరుకున్నాం, ఆయన వెళ్ళి కొనుక్కొచ్చాడు. పది నిమిషాల దారి మంచు మీద గంటకు పైగా నడిపి వెళ్ళాడు. మీటరు మూత గడ్డకట్టి కదల్లేదు. పక్కింటి మెక్సికన్ కుటుంబానికి గ్యాస్ పొయ్యి ఉంది, వాళ్ళు బిందెడు నీళ్ళు కాచి తెచ్చి పోశారు. మూత లేచింది. ఆ రాత్రి తల్లీబిడ్డా ఇంకొల్లు వాళ్ళింట్లో, మగవాళ్ళు చీపుర్లతో, బక్కెట్లతో తమ్ముడి ఇంట్లో. టార్చి పట్టుకుని నిలబడ్డది పిల్లలు.

మిరప కళ్ళాల్లో కాయ ఎండుతున్న ఫిబ్రవరి, మార్చి రాత్రుళ్ళు అకాల మబ్బు పట్టినప్పుడు ఊళ్ళో చూసింది ఇదే. పట్టాలు భుజాన వేసుకుని ఎవరి కళ్ళం దగ్గరైతే మనుషులు తక్కువ ఉన్నారో అటు పరుగెత్తేవాళ్ళు. కాయ తడిస్తే రంగు పోయి తాలు అవుతుంది, గుంటూరు యార్డులో సగం ధర కూడా పలకదు. ఆ నష్టం ఎవరిదైనా ఎంత పెద్దదో అందరికీ తెలుసు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మేం ఇక్కడినుంచి చేయగలిగింది ఫోన్లు చేయడమే. ఫోను ఎత్తినవాళ్ళు ముందు చెప్పింది పక్కవాళ్ళ చేను సంగతి.

ఇక తిండి. థాంక్స్‌గివింగ్ నాడు కౌబాయ్స్ సొంతగడ్డ మీద ఆడటం 1966 నుంచి ఉన్న ఆనవాయితీ, మధ్యలో రెండేళ్ళు మాత్రమే తప్పింది. కాబట్టి మా భోజనం వేళ ఆటను బట్టి జరుగుతుంది. టర్కీ కోడిని ముందురోజే పెరుగు, అల్లం వెల్లుల్లి, ఊరి కారం పట్టించి ఉంచుతాం. ఆ కారం తేజ మిరపకాయది. తొడిమలు తీసి, ఎండబెట్టి, మర పట్టించి, మా అమ్మ సంచుల్లో కట్టి పంపినది. నవంబరులో పచ్చి క్రాన్‌బెర్రీ వస్తుంది, దానితో పచ్చడి చేస్తాం. పండ్లు నూనెలో వేస్తే చిటపటమని పేలతాయి, పులుపు గోంగూరకు దగ్గరగా ఉంటుంది. మెంతులు, ఎండుమిర్చి వేయించి నూరి, వెల్లుల్లితో తాలింపు పెడితే చాలు. అమెరికాలో కొన్నిచోట్ల గోంగూర జాతి ఎర్రకాయలను ఫ్లోరిడా క్రాన్‌బెర్రీ అని పిలిచేవారంటే ఈ రెండు పులుపుల చుట్టరికం మనం కనిపెట్టింది కాదని తెలుస్తుంది. అసలు మన కొరివికారంలోని మిరపకాయ కూడా ఈ ఖండపుదే, పోర్చుగీసు ఓడల్లో పదహారో శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. బల్ల మీది టర్కీ, గుమ్మడి, మిరప ఒకే గడ్డ నుంచి బయల్దేరాయని చెబితే మా పిల్లలకు ఆ రోజు అన్నిటికంటే నచ్చిన ముచ్చట అదే అయింది.

ఇదంతా మంచి మాటే. కానీ నేను దాటవేయకూడని మాట ఇంకొకటి ఉంది. నేను మెచ్చుకుంటున్న ఆ ఊరి అరుగు మీద అందరికీ చోటు ఉండేది కాదు. ఆడవాళ్ళు గుమ్మం లోపలినుంచి వినేవాళ్ళు. మాలపల్లె నుంచి, మాదిగపల్లె నుంచి వచ్చిన మనిషి కింద నిలబడే మాట్లాడేవాడు. 1985 జూలై 17న కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవలో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఇవి మన జిల్లాల్లో, మన పక్క ఊళ్ళలో, మనం బడికి పోయే వయసులో జరిగినవి. మనం విలువలు మోసుకొచ్చామని చెప్పుకునే సంచికలో వీటి ఊసు లేకపోతే ఆ మాటకు బరువు ఉండదు. ఇక్కడికి వచ్చాక కూడా కొత్తవాడు కనిపిస్తే "ఏ ఊరు" తర్వాత "ఇంటిపేరేంటి" అని అడుగుతున్నాం. జవాబు విన్నాక కొందరి ముఖం విచ్చుకోవడం, కొందరి మాట పొడిబారడం నేను చూశాను. అడిగించుకున్నవాడికి ఎందుకడిగారో తెలుసు. అడగడం మానేద్దాం. మంచు రాత్రి బిందెడు వేడినీళ్ళు తెచ్చినవాళ్ళు మనల్ని ఏమీ అడగలేదు.

మగవాళ్ళం ఆట చూస్తుంటే ఆడవాళ్ళు వంటింట్లో ఉండటం కూడా ఊరి నుంచి తెచ్చుకోనక్కర్లేనిదే. మా గుంపులో అది మారింది, సులువుగా మారలేదు. నరసరావుపేట వదినకు ఈ ఆట మా అందరికంటే బాగా తెలుసు. ఒక ఏడాది ఆమె గరిటె బల్ల మీద పెట్టి వచ్చి సోఫాలో కూర్చుంది. ఆ తర్వాత నుంచి అన్నం వార్చడం, మాంసం వండటం, గిన్నెలు కడగడం మగవాళ్ళ వంతు. పిల్లలు అదే మామూలనుకుని పెరుగుతున్నారు.

ఈ నవంబరుకు ఒక మాట అనుకున్నాం. ఇది చదివేవాళ్ళు కూడా అనుకుంటే మంచిది. ఆర్లింగ్టన్, డెంటన్ విశ్వవిద్యాలయాల్లో మన పిల్లలు చాలామంది చదువుతున్నారు. థాంక్స్‌గివింగ్ వారంలో క్యాంపస్ ఖాళీ అవుతుంది, వీళ్ళు నలుగురైదుగురు ఒక అపార్టుమెంటులో ఉండిపోతారు. పిలిస్తే వస్తారు, కానీ పిలుపు ఒక్కటే సరిపోదు. ఆర్లింగ్టన్‌లో మామూలు సిటీ బస్సు నడవదు, పండగ నాడు క్యాబ్ ధర వాళ్ళకు భారం. కాబట్టి కారున్నవాళ్ళు ఇద్దరు పొద్దున పదిన్నరకల్లా బయల్దేరి తీసుకురావాలి, రాత్రి దింపి రావాలి. మాంసం తిననివాళ్ళకు పప్పు, కూర వేరే గిన్నెల్లో, వేరే గరిటెలతో. ఎవరినీ ఇంటిపేరు అడగకూడదు. వాళ్ళలో ఒకరికి నిచ్చెన ఎక్కడం వస్తే మా పెరటి దీపం పోయి ఉంది, అది కూడా ఆ రోజే మారుద్దాం.