జీతం కోసం చదివిన ఎమ్మే

నేను ఎమ్మే ఇంగ్లీషు చదివింది జీతం కోసం. ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ "ఇంగ్లీషంటే ఇష్టం" అనేదాన్ని. ఇష్టం ఉన్నమాట నిజమే. కానీ ఒట్టి ఇష్టమే అయితే, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుకుంటూ, పగలంతా బడిలో గొంతు చించుకుని వచ్చి, వంటిల్లు సర్దాక షేక్‌స్పియర్ నోట్సు ముందేసుకుని కూర్చునేదాన్ని కాదు. నన్ను కూర్చోబెట్టింది పే స్కేలు. సర్వీసులో చాలా దూరం వచ్చేశాక, ఇప్పుడు ఆ సంగతే మనసులో తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. డబ్బు కోసం చదివితే ఆ చదువు విలువ తగ్గుతుందా? దానివల్ల నా ఇంటికి ఏమొచ్చిందో నాకు తెలుసు. నా తరగతిలో కింద చాప మీద కూర్చున్న పిల్లలకు ఏమొచ్చింది?

ఇంటర్ తరవాత టీటీసీ చేసి, డీఎస్సీ రాసి, సెకండరీ గ్రేడ్ టీచరుగా (ఎస్జీటీగా) మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో చేరాను. ఇద్దరు టీచర్లం, ఐదు తరగతులు. డిగ్రీ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో పూర్తి చేశాను. 1982లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. అది లేకపోతే నాలాంటివాళ్లు ఇంటర్ దగ్గరే ఆగిపోయేవాళ్లు. ఆదివారం స్టడీ సెంటర్లో టీచర్లు, కానిస్టేబుళ్లు, గుమాస్తాలు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. తరవాత, ఉద్యోగంలో ఉన్న టీచర్ల కోసం ఇగ్నో నడిపే బీఈడీ చేశాను. ఈ రెండు చదువులూ పన్నెండేళ్ల స్కేలు కోసమే.

టీచర్లు కానివాళ్లకు ఈ లెక్క తెలియదు కాబట్టి చెబుతాను. ప్రమోషన్ రాకుండా ఒకే పోస్టులో ఉండిపోయిన ఉద్యోగికి కొన్నేళ్లకొకసారి పై స్కేలు ఇస్తారు. ఒకప్పుడు 8, 16, 24 ఏళ్లకు ఇచ్చేవారు. 2010 వేతన సవరణతో అది 6, 12, 18, 24 అయింది. ఆరేళ్లది సర్వీసు నిండితే వస్తుంది. పన్నెండేళ్లది అలా రాదు. పై పోస్టుకు కావలసిన అర్హత మన దగ్గర ఉండాలి. ఎస్జీటీకి పై పోస్టు స్కూల్ అసిస్టెంట్, దానికి డిగ్రీ, బీఈడీ కావాలి. అవి లేకపోతే సర్వీస్ రిజిస్టర్లో ఎన్ని ఏళ్లు నిండినా ఆ స్కేలు పడదు. చదువుకీ జీతానికీ మా శాఖలో ఉన్న ముడి ఇదే. డిగ్రీ తెచ్చుకున్నందుకు ఎవరూ నేరుగా జీతం పెంచరు. అది పై మెట్టుకు అర్హత మాత్రమే ఇస్తుంది.

ఆ మెట్టు విలువ ఎంత? ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేతన సవరణ ప్రకారం ఎస్జీటీ స్కేలు 32,670 రూపాయల దగ్గర మొదలవుతుంది, స్కూల్ అసిస్టెంట్ స్కేలు 44,570 దగ్గర. తెలంగాణలో ఆ అంకెలు 31,040, 42,300. చూడగానే పన్నెండు వేల తేడా అనిపిస్తుంది. అయితే పన్నెండేళ్లు పనిచేసిన ఎస్జీటీ మూల వేతనం ఏటా ఇంక్రిమెంటు కలుస్తూ అప్పటికే చాలా పైకి వచ్చి ఉంటుంది. కాబట్టి స్కేలు మారిన నెలలో అదనంగా చేతికొచ్చేది దాదాపు ఒక ఇంక్రిమెంటు. 44,570 దగ్గర ఒక ఇంక్రిమెంటు అంటే 1,260 రూపాయలు, దాని మీద డీఏ, ఇంటి అద్దె భత్యం. అసలు తేడా తరవాత తెలుస్తుంది. కింది స్కేలు 1,01,970 దగ్గర ఆగిపోతుంది, పైది 1,27,480 దాకా పోతుంది. పాత పెన్షన్ ఉన్నవాళ్లకైతే చివరి నెల మూల వేతనమే జీవితాంతం లెక్క. పెద్దమ్మాయి ఇంజినీరింగు ఫీజు కట్టాల్సిన ఏడాది నేను ఈ అంకెల్ని పరీక్ష పాఠంలా చదివాను. అందులో తప్పు నాకు అప్పుడూ కనబడలేదు, ఇప్పుడూ కనబడటం లేదు. జీతం మీద బతికే మనిషి జీతం గురించి ఆలోచించడం ధర్మమే. ప్రైవేటు బడుల్లో ఎమ్మే, బీఈడీ రెండూ ఉండి, ఏ స్కేలూ లేకుండా యజమాని ఇచ్చినంత తీసుకునే టీచర్లను చూసినప్పుడల్లా, చదువుకు ఒక లెక్క ఉన్న ఉద్యోగం దొరకడం ఎంత అదృష్టమో అనుకుంటాను.

ఎమ్మే కథ ఇంకొంచెం వేరు. నా డిగ్రీ సోషల్ సబ్జెక్టులతో అయింది. సోషల్ సీనియారిటీ లిస్టు చాంతాడంత ఉంది. ఒక కాంప్లెక్సు మీటింగులో సీనియర్ మాస్టారొకరు పక్కకు పిలిచి, "అమ్మా, బీఈడీలో నీకు ఇంగ్లీషు మెథడ్ ఉంది కదా, ఎమ్మే ఇంగ్లీషు కట్టు. సోషల్లో నీ నంబరు ఎప్పటికొస్తుందో ఎవరికి తెలుసు" అన్నారు. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు పోస్టుకు డిగ్రీలో ఇంగ్లీషు ప్రధాన సబ్జెక్టుగా చదివి ఉండాలి, లేదంటే ఇంగ్లీషులో పీజీ ఉండాలి. మెథడాలజీ నా దగ్గర ఉంది, లేనిది పీజీ. ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పాను. మా ఆయన ఫీజు ఎంతో అడిగారు, అంతే. శాఖ దగ్గర అనుమతి తీసుకుని దూరవిద్యలో చేరాను.

ఊళ్లో తెలుగు మీడియం బడిలో చదివినదాన్ని. చాసర్, మిల్టన్, వర్డ్స్‌వర్త్ నాకు కొరుకుడు పడలేదు. గైడ్లు పట్టుకుని నెట్టుకొచ్చాను. ఆర్.కె. నారాయణ్ దగ్గర మాత్రం ఊపిరి పీల్చుకున్నాను, ఆ బడీ ఆ వీధీ మనవే కాబట్టి. కానీ నాకు నిజంగా చదువు చెప్పింది, మార్కుల కోసం అందరూ తేలిగ్గా తీసుకునే ధ్వనిశాస్త్రం, భాషాబోధన పేపరు. మా పిల్లలు పాఠం మొత్తం అప్పజెప్పేవాళ్లు, కొత్త పదం ఇస్తే మాత్రం నోరు విప్పేవాళ్లు కాదు. "సీ ఏ టీ క్యాట్" అని పాడిస్తూ వచ్చిన నాకు అందులో ఇబ్బంది ఏమిటో ఆ పేపరు చదివాకే అర్థమైంది. తెలుగులో "క" అక్షరం పేరు, అది పలికే శబ్దం ఒకటే. ఇంగ్లీషులో "సీ" పేరు ఒకటి, పలికే శబ్దం ఇంకొకటి. సీ, ఏ, టీ అనే మూడు పేర్లు కలిపితే క్యాట్ ఎలా అవుతుందో ఆరేళ్ల పిల్లాడికి ఎలా తెలుస్తుంది? తెలియకే కంఠతా పడతాడు.

అప్పటి నుంచి పేర్లు తరవాత, శబ్దాలు ముందు నేర్పాను. ఒకటో తరగతిలో క్, ట్, ప్, మ్ లాంటి నాలుగైదు శబ్దాలు, ఒకటి రెండు అచ్చులు తీసుకుని, వాటితో ఎన్ని పదాలు అవుతాయో నేల మీద సుద్దతో రాయించేదాన్ని. పిల్లలు తమంతట తాము ఒక పదం కూడబలుక్కుని చదివి నా మొహంలోకి చూసేవాళ్లు. ఆ చూపు కోసమే టీచరు బతుకుతుంది. జీతం కోసం మొదలుపెట్టిన చదువు నన్ను అక్కడికి తీసుకుపోయింది. పే స్కేలు లేకపోతే ఆ పేపరు నేను తెరిచేదాన్ని కాదు. నా ఆశనూ నా చదువునూ విడదీసి చూడటం ఇక నాకు చేతకాదు, విడదీయాలని కూడా లేదు.

నన్ను వేధించే సంగతి వేరొకటి ఉంది. ఆ పేపరు నన్ను ఒకటో తరగతికి మంచి టీచరును చేసింది. అదే డిగ్రీతో నేను ఒకటో తరగతిని వదిలి వెళ్లాను. లిస్టులో పేరు వచ్చింది, కౌన్సెలింగుకు వెళ్లాను, జిల్లా పరిషత్ హైస్కూలు ఎంచుకున్నాను. రిలీవ్ అయ్యే రోజు పిల్లల తల్లులు వచ్చి "ఇంక రారా మేడమ్?" అంటే పెద్ద పోస్టు వచ్చిందమ్మా అన్నాను. వాళ్లు సంతోషపడ్డారు కూడా. హైస్కూల్లో ఆరో తరగతికి వచ్చిన పిల్లల్లో సగం మంది ఇంగ్లీషు వాక్యం చదవలేకపోవడం చూసినప్పుడు, వీళ్లకు నా అవసరం ఐదేళ్ల ముందు ఉండింది కదా అనిపించేది. నేను నేర్చుకున్నది పనికొచ్చే చోట నాకు స్కేలు లేదు. స్కేలు ఉన్న చోట, ఆ నేర్చుకున్నదాన్ని ఆలస్యంగా వాడాలి.

నాతో టీటీసీ చదివిన స్నేహితురాలు పెళ్లయ్యాక అమెరికా వెళ్లి, జార్జియా రాష్ట్రంలో ప్రభుత్వ బడిలో చిన్నపిల్లలకు చెబుతోంది. అక్కడ టీచరు సర్టిఫికెట్ మీదే చదువు స్థాయి రాసి ఉంటుందట: డిగ్రీకి టీ-4, మాస్టర్స్‌కి టీ-5, ఆ పైన టీ-6, డాక్టరేటుకు టీ-7. మెట్టు ఎక్కితే జీతం పెరుగుతుంది. ఆమె మాస్టర్స్ పూర్తి చేసి టీ-5 అయింది. తరగతి మారలేదు, అదే గది, అదే ఈడు పిల్లలు. అక్కడా మొదటి నుంచి ఇలా లేదు. ప్రాథమిక బడుల్లో ఎక్కువగా ఉండే ఆడవాళ్లకు తక్కువ, హైస్కూలు వాళ్లకు ఎక్కువ జీతం ఇచ్చేవారు. 1921లో డెన్వర్, డెమాయిన్ నగరాలు మొదటిసారిగా అందరికీ ఒకే జీతాల పట్టిక పెట్టాయి. ఏ తరగతికి చెప్పినా చదువు, అనుభవం చూసే జీతం. వందేళ్ల కిందట వాళ్లు పట్టుకున్న న్యాయం మన పే స్కేళ్లలోకి ఇంకా రాలేదు.

ఆ పద్ధతిని కూడా కళ్లు మూసుకుని మెచ్చుకోలేను. మాస్టర్స్ చేసిన టీచర్ల దగ్గర పిల్లలు ఎక్కువ నేర్చుకుంటున్నారా అని అక్కడి ఆర్థికవేత్తలు ఎన్నోసార్లు లెక్క తీశారు. ఏ సబ్జెక్టులో పీజీ అని చూడకుండా లెక్కేస్తే తేడా పెద్దగా కనబడలేదు. డాన్ గోల్డ్‌హేబర్, డొమినిక్ బ్రూవర్ అనే పరిశోధకులు గణితం చెప్పే టీచరుకు గణితంలోనే పీజీ ఉన్నప్పుడు మాత్రం పిల్లలకు మేలు జరిగిందని చూపించారు. నార్త్ కరోలినా రాష్ట్రం 2013లో కొత్తవాళ్లకు మాస్టర్స్ జీతం ఆపేసేలా చట్టం చేసింది. నా అనుభవం ఆ పరిశోధకుల మాటకే దగ్గరగా ఉంది. నా ఎమ్మేలో చాసర్ వల్ల మా పిల్లలకు ఏమీ రాలేదు. ధ్వనిశాస్త్రం వల్ల వచ్చింది. చెప్పే పనికి ముడిపడిన చదువుకే పిల్లల దగ్గర విలువ.

మన దగ్గర ఆ ముడే తప్పుగా పడింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, బీఈడీ చేసినవాళ్లు ప్రాథమిక టీచరు పోస్టుకు అర్హులు కారని తేల్చింది. చిన్నపిల్లలకు చెప్పే పద్ధతులు ఆ శిక్షణలో ఉండవన్నది దానికి కారణం. సరైన మాటే. అయితే ప్రాథమిక బడిలోనే ఉన్న ఎస్జీటీకి పన్నెండేళ్ల స్కేలు రావాలంటే మనం అడుగుతున్నది ఆ బీఈడీనే. చిన్నపిల్లలకు చదవడం ఎలా నేర్పాలి, లెక్కలు ఎలా నేర్పాలి అనే విషయం మీద పై చదువు చదివిన ఎస్జీటీకి ఒక్క రూపాయి పెరగదు. హైస్కూలుకు కావలసిన శిక్షణ తెచ్చుకుంటే పెరుగుతుంది. జీతం ఏ దారి చూపిస్తే టీచర్లు ఆ దారిన పోతారు. నేను పోయాను, నా తరవాతివాళ్లు పోతున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

నాకంటే చిన్నవాళ్లైన ఎస్జీటీలు ఏమి చదవమంటారక్కా అని ఇప్పుడు నన్ను అడుగుతుంటారు. చదవండి, అనుమతి తీసుకుని చదవండి, సర్టిఫికెట్ రాగానే సర్వీస్ రిజిస్టర్లో ఎక్కించుకోండి అని చెబుతాను. జీతం కోసం చదువుతున్నామని మనసులో చిన్నబుచ్చుకోవద్దు. కానీ సిలబస్‌లో మీ పిల్లలకు పనికొచ్చే పేపరు ఒక్కటైనా ఉంటుంది, దాన్ని గైడుతో సరిపెట్టకండి అని కూడా చెబుతాను.

వేతన సవరణ సంఘాలకూ, వాటి ముందు మా తరఫున కూర్చునే ఉపాధ్యాయ సంఘాలకూ నాదొక విన్నపం. ప్రాథమిక బడిలోనే ఉండి, చిన్నపిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే విషయంలో పీజీ చేసిన టీచరుకు అక్కడే, ఆ తరగతి గదిలోనే, స్కూల్ అసిస్టెంటుతో సమానంగా స్కేలు ఇవ్వండి. ఒకటో తరగతి చెప్పాలనుకునే టీచరు, తన ఇంటి ఖర్చుల కోసం ఆ తరగతిని వదులుకోవాల్సిన పరిస్థితి ఉండకూడదు.