బొమ్మలు వేసే చదువు

ఇంటర్ పూర్తయిన అమ్మాయి 'బొమ్మలు వేయడం చదువుకుంటాను' అంటే, ఇంట్లో ముందుగా వచ్చే ప్రశ్న 'దానికి కాలేజీ ఎందుకే?' అని.

జవాబు కోసం చందమామ పత్రికలో విక్రమార్కుడి బొమ్మ గుర్తు తెచ్చుకోండి. భుజాన శవం, చేతిలో కత్తి. దాన్ని గీసిన శంకర్ మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాలలో చదువుకున్నవారు. రాజు అడుగు వేసిన తీరులోనే మోస్తున్న బరువు తెలిసిపోతుంది. ఒళ్లు ఎక్కడ వంగుతుంది, వెలుతురు ఎటునుంచి పడుతుంది అన్నవి ఏళ్ల తరబడి సాధన చేస్తేగాని చేతికి రావు. కథలో ఏ క్షణాన్ని గీయాలో ఎంచుకోవడం అంతకన్నా కష్టమని నా నమ్మకం. శంకర్‌కు 2021లో, మరణానంతరం, పద్మశ్రీ ప్రకటించారు.

నేడు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బి.ఎఫ్.ఎ. డిగ్రీ ఉంది. అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ అందులో విభాగాలు. చదివినవాళ్లకు పిల్లల పుస్తకాలు, సినిమా స్టోరీబోర్డులు, వీడియో గేములు, ప్రకటనల్లో పని ఉంది. గుండె కవాటాలు ఎలా మూసుకుంటాయో వైద్య విద్యార్థికి చూపించేదీ ఒక చిత్రకారుడి గీతే.

నెలజీతం అందరికీ ఉండదు. విడిగా పనులు చేసేవాళ్లకు తొలి ఏళ్లలో రాబడి నిలకడగా రాదు. ధర చెప్పడం, హక్కులు ఎవరివో ముందే కాగితం మీద రాయించుకోవడం కూడా కాలేజీలోనే నేర్పాలి.

అమ్మానాన్నలారా, వద్దనే ముందు ఒకసారి ఆ పిల్ల స్కెచ్ పుస్తకం అడిగి చూడండి. ప్రతి పేజీ నిదానంగా తిప్పండి.