‘ఇది మనదే’ అనే సిఫారసు

కొరియా, జపాన్, చైనా సినిమాలకు అలవాటు పడిన తెలుగు కుర్రకారు ఒకరికొకరు సినిమా చెప్పుకునేటప్పుడు ఒక మాట తరచూ దొర్లుతుంది: ‘చూడరా, ఇదంతా మన ఫిలాసఫీనే.’ పల్నాడులో ఆ మాటకు ఇంకాస్త బలం ఉంది. మాచర్ల దాటి విజయపురి సౌత్ చేరి లాంచీ ఎక్కితే వచ్చే ద్వీపం పేరే నాగార్జునకొండ. శూన్యవాదం చెప్పిన ఆచార్యుడి పేరు మన జిల్లా పటం మీదే ఉండగా, శూన్యత చుట్టూ తిరిగే సినిమా సియోల్ నుంచి వస్తే దాన్ని ఇంటి బిడ్డగా చెప్పుకోవాలనిపించడం సహజం. దీన్ని అభిమానుల ముచ్చటగా వదిలేయవచ్చు. కానీ ఆ మాట వెనక అసలు సిసలైన తాత్విక ప్రశ్న ఉంది: ఒక ఆలోచన ఎవరిదైనా కాగలదా? దీనికి నాగార్జునుడే జవాబు చెప్పి ఉన్నాడు. ఆ జవాబు మాత్రం ‘మనదే’ అనేవాళ్ళ పక్షాన లేదు.

ఈ మాట ఎక్కువగా వినిపించే సినిమానే తీసుకుందాం. కిమ్ కి-డుక్ 2003లో తీసిన ‘స్ప్రింగ్, సమ్మర్, ఫాల్, వింటర్... అండ్ స్ప్రింగ్’. కొండల మధ్య చెరువు, నీళ్ళమీద తేలే చిన్న బౌద్ధాలయం, అందులో ఒక వృద్ధ భిక్షువు, ఒక పిల్లవాడు. పిల్లవాడు పెరిగి, ఆలయం వదిలి వెళ్ళి, భార్యను చంపి తిరిగి వస్తాడు. గురువు పిల్లి తోకను సిరాలో ముంచి చెక్క నేలమీద ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం రాస్తే, శిష్యుడు హత్య చేసిన కత్తితోనే ఆ అక్షరాలను చెక్కుతాడు. పట్టుకోవడానికి వచ్చిన పోలీసులు చివరికి ఆ అక్షరాలకు రంగులు వేస్తారు. ఆ సూత్రం సారం శూన్యత, శూన్యతంటే నాగార్జునుడు, నాగార్జునుడంటే మన కొండ: లెక్క సులువుగా తేలిపోతుంది. పైగా అక్కడా నీళ్ళ మధ్య ఆలయం, ఇక్కడా నీళ్ళ మధ్య కొండ. అయితే ఈ లెక్కలో ఏ అంకె మీద వేలు పెట్టినా కదులుతుంది. హృదయ సూత్రం మొదట చైనాలోనే కూర్చిన గ్రంథమనీ, దాన్ని తర్వాత సంస్కృతంలోకి మార్చారనీ జాన్ నాటియర్ అనే పండితురాలు 1992లో వాదించింది. ఆ వాదం మీద చర్చ ఇంకా ముగియలేదు, కానీ తోసిపారేయగలిగింది కాదు. సినిమాలోని ఆలయం ప్రాచీనమేమీ కాదు, షూటింగ్ కోసం వేసి తర్వాత తీసేసిన సెట్టు. అది తేలిన జుసాన్జీ చెరువు సైతం 1720ల్లో సాగునీటి కోసం తవ్వించినది. మన ద్వీపం సంగతీ అంతే. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట వల్ల లోయ మునిగిపోతుందని హడావిడిగా తవ్వకాలు సాగించి, దొరికిన కట్టడాల్లో కొన్నింటిని కొండమీదికి చేర్చి తిరిగి నిలబెట్టారు. ఇక్ష్వాకుల రాజధాని, పాత విజయపురి నీళ్ళ కింద ఉంది. మనం వేలెత్తి చూపేది దాని పునర్నిర్మాణాన్ని.

ఇక నాగార్జునుడు. ఆ లోయలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శాసనాల్లో ఈ శూన్యవాద ఆచార్యుడి పేరు లేదు. కొండకు ఆ పేరు తెచ్చింది తర్వాతి సంప్రదాయం. ఆయన శాతవాహన రాజుకు హితుడనే కథనం వల్ల ఆంధ్రదేశంతో సంబంధం నమ్మదగ్గదే, కానీ చిరునామా చెప్పేటంత గట్టిది కాదు. ఆయన రచనలు బతికిన దారి ఇంకా విచిత్రం. మాధ్యమిక కారికలను 409లో చాంగాన్ నగరంలో చైనీయంలోకి తెచ్చిన కుమారజీవుడి తల్లి మధ్య ఆసియాలోని కూచా రాజవంశీకురాలు. ఆ గ్రంథాల మీద చైనాలో ఒక దర్శనాన్నే నిలబెట్టిన జీజాంగ్ పూర్వీకులు పార్థియన్లు. దాన్ని 625లో జపాన్‌కు తీసుకెళ్ళినవాడు కొరియా భిక్షువు హ్యేగ్వాన్. కాలక్రమంలో పుట్టిన గడ్డమీద ఆ దర్శనాన్ని చదివేవాళ్ళే కరవయ్యారు. నాగార్జునుడి ‘విగ్రహవ్యావర్తని’ సంస్కృత ప్రతి 1930ల్లో రాహుల్ సాంకృత్యాయన్‌కు టిబెట్‌లో దొరికేదాకా, చదవాలంటే చైనీయ, టిబెటన్ అనువాదాలే గతి. వేయేళ్ళు తిండిపెట్టి సాకినవాళ్ళను పక్కకు నెట్టి కన్నవాళ్ళమని వచ్చి హక్కు అడగడం ఏం మర్యాద?

మర్యాద సంగతి పక్కన పెట్టి తర్కంలోకి వద్దాం. కారికల మొదటి అధ్యాయంలోనే నాగార్జునుడు నాలుగు దారులు మూసేస్తాడు. ఏ వస్తువూ తన నుంచే తాను పుట్టదు. పూర్తిగా పరాయిదాని నుంచీ పుట్టదు. రెండూ కలిసినందువల్లా పుట్టదు. ఏ కారణమూ లేకుండా అసలే పుట్టదు. సినిమా అభిమానుల మాటలు ఈ నాలుగు గదుల్లో ఎంత చక్కగా సర్దుకుంటాయో చూస్తే నవ్వొస్తుంది. ‘ఇది మనదే, వాళ్ళు తీశారంతే’ అనేవాడిది మొదటి గది. ‘వాళ్ళ సంస్కృతే వేరు బాబూ, మనవాళ్ళు చచ్చినా ఇలా తీయలేరు’ అని నిట్టూర్చేవాడిది రెండోది. ‘తూర్పు దేశాల ఆత్మ అంతా ఒకటే’ అని రెండింటినీ కలిపేసేవాడిది మూడోది. ‘మంచి సినిమాకు దేశమేంటి, ఊరేంటి’ అని చేతులు దులుపుకునేవాడిది నాలుగోది. నలుగురూ పైకి కొట్లాడుకుంటారు గానీ, సినిమాకు దానిదంటూ ఒక స్వభావం, మారని ఒక గుండెకాయ ఉందని మొదటి ముగ్గురూ నమ్ముతారు. నాలుగోవాడు దాని పుట్టుకనే కాదంటాడు. నాగార్జునుడు చెప్పే శూన్యత అంటే ఏమీ లేకపోవడం కాదు, అలాంటి గుండెకాయ లేకపోవడం. ఉన్నదల్లా ఆధారపడటం.

ఆధారపడటం ఎలా ఉంటుందో చూడాలంటే జపాన్ దర్శకుడు ఓజు 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’ దగ్గర ఆగాలి. ఒనోమిచి నుంచి ముసలి తల్లిదండ్రులు టోక్యోలోని పిల్లల దగ్గరికి వస్తారు. పిల్లలకు తీరిక ఉండదు. పెద్దవాళ్ళను అతామీ అనే వేడినీటి బుగ్గల ఊరికి పంపించి చేతులు కడుక్కుంటారు. తెలుగువాళ్ళకు ఈ సినిమా చెప్పేటప్పుడు ‘మన బడిపంతులు లాంటిదే’ అనడం రివాజు. అయితే ఎన్టీఆర్, అంజలీదేవి నటించిన ఆ 1972 చిత్రం 1958 నాటి కన్నడ ‘స్కూల్ మాస్టర్’కు రీమేక్. ‘టోక్యో స్టోరీ’కి ప్రేరణ 1937లో లియో మెకారీ తీసిన హాలీవుడ్ చిత్రం ‘మేక్ వే ఫర్ టుమారో’. ఓజు సహరచయిత నోదా దాన్ని చూసి ఉన్నాడు. ముసలి దంపతులను విడదీసి ఒకరిని ఒక బిడ్డ దగ్గర, ఇంకొకరిని మరో బిడ్డ దగ్గర ఉంచే ఘట్టం చూస్తే ‘బడిపంతులు’ జపాన్ సినిమాకంటే ఆ అమెరికన్ సినిమాకే దగ్గర. మరి ‘తూర్పు దేశాల ఆత్మ’ ఏ అరలో పెట్టాలి? ఇంతకన్నా ముఖ్యమైన నష్టం మరొకటి ఉంది. ‘బడిపంతులు లాంటిదే’ అని విని కూర్చున్న ప్రేక్షకుడు కొడుకుల నిర్దయ కోసం కాచుకుని ఉంటాడు. ఆ సినిమాలో ముసలివాళ్ళను కడుపులో పెట్టుకుని చూసుకునేది కొడుకూ కాదు, కూతురూ కాదు. యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని కొడుకు భార్య నోరికో. ఓడిపోయిన జపాన్ మొత్తం ఆ విధవ కోడలి ఒంటిగదిలో ఉంది. మన పోలిక మనకే అడ్డం నిలబడి దాన్ని కనపడనివ్వదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ఏదీ ఎవరిదీ కాదంటే కాపీ కొట్టేవాడికి పండగే కదా? కురోసావా ‘యోజింబో’ను (1961) అనుమతి లేకుండా ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’గా (1964) మార్చినప్పుడు తోహో సంస్థ దావా వేసి పరిహారం రాబట్టింది; శూన్యవాదం ప్రకారం ఆ దావా చెల్లదా? చెల్లుతుంది. నాగార్జునుడు రెండు సత్యాలు చెప్పాడు: వ్యవహారంలో ఒకటి, పరమార్థంలో ఒకటి. వ్యవహార సత్యాన్ని ఆశ్రయించకుండా పరమార్థాన్ని చెప్పనే లేమన్నాడు. కిమ్ కి-డుక్ సినిమాలోనే దీనికి మంచి దృష్టాంతం ఉంది. ఆ ఆలయం లోపల పడుకునే చోటుకూ పూజ చేసే చోటుకూ నడుమ తలుపు ఉంది, గోడ లేదు. పక్కనుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. అయినా గురుశిష్యులు తలుపు తీసుకునే వెళ్తారు, మూసుకునే వస్తారు. ఒక రాత్రి యవ్వనంలోని శిష్యుడు నిద్రపోతున్న అమ్మాయి దగ్గరికి తలుపు తీయకుండా పక్కనుంచి పాకుతాడు. గోడ లేదు కాబట్టి తప్పు లేదని సినిమా అనదు. గోడ లేకపోయినా తలుపు తలుపే. హక్కులు, టైటిల్ కార్డులో పేర్లు, రీమేక్ ఒప్పందాలు అలాంటి తలుపులు. కొరియా ‘మిస్ గ్రానీ’ని హక్కులు కొని ‘ఓ! బేబీ’గా (2019) తీసినవాళ్ళు తలుపు తీసుకుని వచ్చారు. ‘ఇది మన ఫిలాసఫీనే’ అనేవాళ్ళు తలుపు పక్కనుంచి వస్తున్నారు, గోడ కూడా మా తాత కట్టిందే అంటూ.

రెండో అభ్యంతరం పల్నాడుది, అది నాకు మొదటిదానికన్నా బరువుగా తోస్తుంది. బయటివాళ్ళకు పల్నాడంటే కారెంపూడి యుద్ధం, కోడిపందెం, ముఠా కక్షలు, సున్నపురాయి, మిరపకాయ. నాగార్జునుడి పేరుమీద కాస్త గర్వపడదామంటే దాన్నీ లాక్కుంటావా? లాక్కోను. గర్వం దేనిమీద నిలుస్తుందో చూద్దామంటాను. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక నాగార్జునకొండలో వేయించిన శాసనం ఉంది. చైత్యగృహాన్ని ఆమె అర్పించింది తంబపన్ని, అంటే శ్రీలంక ఆచార్యులకు. కాశ్మీరం, గాంధారం, వంగం, వనవాసి వంటి దేశాలను ప్రసన్నం చేసినవాళ్ళని ఆ ఆచార్యులను పొగుడుతూ చెప్పిన జాబితాలో చీనా కూడా ఉంది. మూడో శతాబ్దపు పల్నాడు స్త్రీ ఒకామె చైనా పేరును రాతిమీద చెక్కించింది, అదీ పరాయి దేశపు గురువుల గొప్ప చెప్పడానికి. ‘ఇక్కడ పుట్టింది’ అని ఆమె ఎక్కడా రాయించలేదు. ఎవరెవరు ఎక్కడెక్కడికి వెళ్ళి వచ్చారో రాయించింది. నరసరావుపేట కుర్రాడు కొరియా సినిమా గురించి గర్వంగా మాట్లాడాలనుకుంటే ఇంతకు మించిన పూర్వులు అతనికి దొరకరు.

సినిమా సరదాకు చూసేది, దానికి కారికలెందుకు అనేది మూడో మాట. ఇది త్వరగానే తేలిపోతుంది: సరదాగా చెప్పినా సిఫారసు పని సిఫారసు చేస్తుంది, ఏం చూడాలో ముందే కంటికి చెబుతుంది. అద్దం తిప్పి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైన ‘ఆర్‌ఆర్‌ఆర్’ అక్కడ నెలల తరబడి ఆడి, అంతకుముందు రజనీకాంత్ ‘ముత్తు’ పేరుమీదున్న భారతీయ చిత్రాల వసూళ్ళ రికార్డును దాటింది. ఒకరు చెబితే ఇంకొకరు, చూసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ. రేపు ఏ టోక్యో అభిమానో ఈ స్నేహం, ఈ త్యాగం అంతా మా సమురాయ్ ధర్మమేనని పక్కవాడికి చెబితే మనకు చిర్రెత్తుతుంది. అల్లూరి, కొమురం భీమ్ ఎవరో, మన్యం ఏమిటో, గోండుల పోరాటం ఎందుకో తెలుసుకోకుండా ఈ మాటేమిటని అడుగుతాం. ఆ కోపం న్యాయమైనదే. అదే కోపం చియోంగ్‌సోంగ్‌లో జుసాన్జీ చెరువు ఒడ్డున ఉండేవాడికీ రావచ్చని ఒప్పుకోవడమే మిగిలింది.

చివరి చిక్కు నాగార్జునుడికే ఎదురైంది. అన్నీ శూన్యమైతే నీ మాట కూడా శూన్యమే కదా, దాంతో దేన్ని ఖండిస్తావు అని ప్రత్యర్థి అడుగుతాడు. ‘విగ్రహవ్యావర్తని’ ఆ ప్రశ్నకు సమాధానంగా రాసిందే: నిలబెట్టుకోవాల్సిన ప్రతిజ్ఞ ఏదీ తనకు లేదనీ, కాబట్టి ఆ దోషం తనకు అంటదనీ ఆయన అంటాడు. సిఫారసు చేసేవాడికి ఇది చాలా పనికొచ్చే జవాబు. ‘టోక్యో స్టోరీ’ చూడమనడానికి అది మనదని గానీ, ప్రపంచంలోకెల్లా గొప్పదని గానీ నిరూపించనక్కర్లేదు. నోరికోను గమనించు, చూశాక ‘బడిపంతులు’తో ఎక్కడ విడిపోతుందో మాట్లాడుకుందాం అంటే సరిపోతుంది. అవతలివాడు చూసి వచ్చి, నువ్వు చెప్పినట్టు లేదు అనవచ్చు. అనాలి కూడా.