ముత్తాత అమ్మిన ఆవు

మొన్నటి వీడియోలో ధర్మవ్యాధుడి కథ చెప్పుకున్నాం కదా. ఆ కథ నాకు నిజంగా అర్థమైంది మాత్రం ఒక వీడియో కాల్‌ వల్ల.

మా అక్క వాళ్లు హ్యూస్టన్‌లో ఉంటారు. మార్చి వచ్చిందంటే అక్కడ పెద్ద పశువుల ప్రదర్శన, రోడియో. 1932లో మొదలైంది. దానికోసం స్కూలు పిల్లలు పశువుల మీద, ర్యాంచ్ జీవితం మీద బొమ్మలు వేస్తారు. ఐదో తరగతి చదివే మా మేనకోడలి వంతు కూడా వచ్చింది. "బీఫ్ వ్యాపారానికి మన పిల్ల బొమ్మ వెయ్యాలటరా? కుదరదని టీచర్‌కి మెయిల్ పెడుతున్నా" అంది అక్క. నేనూ పెట్టెయ్యమన్నాను.

ఇంతలో పాప తన స్కెచ్ కెమెరాకి చూపించింది. ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు. "మామయ్యా, ఇది బ్రాహ్మన్ ఆవు. ఇండియా నుంచి వచ్చిందట!" నిజమే. టెక్సాస్ ఎండకి తట్టుకుంటాయని గిర్, మన ఒంగోలు లాంటి జాతుల్ని కలిపి అమెరికా వాళ్లు మాంసం కోసం తయారు చేసుకున్న జాతి అది. మన ఒంగోలు పశువే బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మాంసం మందలుగా పెరుగుతోంది.

పాప ఇంకో మాట చెప్పింది. క్లాస్‌మేట్ వాళ్లక్క తను పేరు పెట్టి, రోజూ కడిగి పెంచిన కోడెని పోయినేడు వేలంలో అమ్మిందట. డబ్బు కాలేజీకి, కోడె కబేళాకి. అమ్మాక దాని మెడ పట్టుకుని ఏడ్చిందట. "అంత ఇష్టమైతే ఎందుకమ్మింది మామయ్యా?"

'వాళ్లకి ఆవు విలువ తెలీదమ్మా' అనబోయి ఆగిపోయాను. గౌరి గుర్తొచ్చింది.

ఒంగోలు దగ్గర పల్లెలో మా తాతయ్య ఆవు అది. కనుమ నాడు పసుపు, కుంకుమ పెట్టి మొక్కేవాళ్లం. వట్టిపోయాక కూడా రెండేళ్లు మేపాడు తాతయ్య. వానల్లేక గడ్డి కరువైన ఏడు సంతకి తోలుకెళ్లాడు. సాయంత్రం పలుపుతాడు ఒక్కటే పట్టుకుని తిరిగొచ్చాడు. ఎవరు కొన్నారని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఇప్పుడైనా అడుగుతున్నామా? ఆవు పాలివ్వాలంటే ఈనాలి. పుట్టే దూడల్లో దాదాపు సగం మగవే. ట్రాక్టర్లొచ్చాక వాటికి కాడి కూడా లేదు. మరి ఎక్కడికి పోతున్నాయి? రోజూ రెండు కాఫీలు తాగే నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఆ అమెరికా అమ్మాయి కనీసం చివరిదాకా చూసి ఏడ్చింది. మనం అసలు చూడకుండానే పుణ్యాత్ములమైపోయాం.

మిథిలలో మాంసం కొట్టు ముందు నిలబడ్డ కౌశికుడికి వ్యాధుడు తన పని మంచిదని చెప్పలేదు. ఘోరమైనదేనని ఒప్పుకున్నాడు. నాగలి దున్నినా ప్రాణాలు పోతాయన్నాడు. అయితే 'అంతా ఒకటే' అని చేతులు దులుపుకోలేదు. తను స్వయంగా చంపడు, మాంసం తినడు. తన వల్ల జరిగే హింసని తనే లెక్క చూసుకుని, తగ్గించుకోగలిగిన చోట తగ్గించుకున్నాడు. అహింస అంటే ఇదేనేమో అనిపిస్తుంది నాకు. పక్కవాడి కంచంలోకి తొంగి చూడటం మాత్రం కాదు.

ఆవుని చంపడం నాకు ఈ రోజుకీ బాధే. ఆ బాధని దాచుకోను. కానీ పాపతో ఇలా అన్నాను: "మీ ముత్తాత కూడా గౌరిని అమ్మాడమ్మా. ఆయనకీ ఇష్టమే. నువ్వు బొమ్మ వెయ్యి."

అక్క మెయిల్ పంపలేదు. పాప తన ఆవు కాళ్ల దగ్గర ఒక ఖాళీ పలుపుతాడు గీసింది. ఏమిటని టీచర్ అడిగితే "మా ముత్తాతది" అందట.

నేను మా ఊరి వైపున్న గోశాలలో ఒక వట్టిపోయిన ఆవు మేతకి నెలనెలా డబ్బు పంపుతున్నాను. గౌరి బాకీ దీంతో తీరదని తెలుసు. ఈ ఆదివారం మీరూ ఇంట్లో పెద్దవాళ్లని ఒక్క మాట అడగండి: మనకి పాలిచ్చిన ఆవు చివరికి ఎక్కడికి వెళ్లింది?