పిల్లల చేతికి ఏమిద్దాం?





వేసవి వస్తే మన పాలకొల్లులో కాలువలు కట్టేస్తారు. నరసాపురం కాలువ అడుగు బయటపడుతుంది. ఏడాది పొడుగునా ఆ నీళ్లలో మనం ఏమేం పారేశామో అప్పుడు కనబడుతుంది. ప్లాస్టిక్ సంచులు, సీసాలు, చిరుగు గుడ్డలు, పాత దేవుడి పటాలు. కాలువ కట్టేసే ముందు చెరువుల్లో నింపుకుని వేసవంతా మనం తాగేది కూడా ఈ నీళ్లే గదండీ!

అందుకని మా పేట పిల్లలకు పది రోజుల పర్యావరణ శిబిరం పెట్టాం. రెండో రోజు పొద్దున్నే త్రిశరణ, పంచశీల చెప్పించి, పిల్లల చేతికి చీపుర్లు, గోనె సంచులు ఇచ్చి గట్టు మీదికి తీసుకెళ్లాను. ఫొటో తీద్దామని ఫోను కూడా బయటికి తీశాను.

అంతలో ఒక తల్లి వచ్చింది. రోడ్లు ఊడ్చే పని ముగించుకుని ఇంటికెళుతోంది. కొడుకు చేతిలోని చీపురు లాగేసింది. "అన్నయ్యా, మా అత్త ఊడ్చింది, నేనూ ఊడుస్తున్నాను. వీడికి కూడా ఇదే నేర్పడానికి నీ శిబిరం ఎందుకు? నేను నేర్పలేనా?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పిన సంగతి ఇది. కులం పనులు పంచి ఊరుకోదు, పుట్టుకను బట్టి మనుషుల్నే ఆ పనికి కట్టేస్తుంది. చెత్త ఎత్తడంలో తప్పేమీ లేదు. ఎప్పుడూ ఒకే పేట పిల్లలు ఎత్తాలనడం తప్పు. పర్యావరణం పేరుతో నేను ఆ పనే చేశాను.

సునీతుడి కథ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో మీరు చదివే ఉంటారు. రాజగృహంలో ఇళ్లవాళ్లు పారేసిన చెత్త ఎత్తేవాడు. భగవాన్ బుద్ధుడు ఎదురుగా వస్తుంటే భయపడి గోడకు ఒదిగి నిలబడ్డాడు. శ్రద్ధగా ఊడ్చుకో, పుణ్యం వస్తుందని బుద్ధుడు చెప్పలేదు. భిక్షువుగా సంఘంలోకి రమ్మన్నాడు.

మరి మన పిల్లలు ఒళ్లొంచి పని చేయకూడదా? చేయాలి. శ్రీలంకలో 1958లో కొలంబో నలందా కళాశాల ఉపాధ్యాయుడు ఎ.టి. అరియరత్నె తన విద్యార్థుల్ని కనతోలువ అనే పల్లెకు శిబిరానికి తీసుకెళ్లారు. అక్కడి సమాజం అందరికంటే కింద పెట్టిన రోడియాలు ఉండే పల్లె అది. పట్నం పిల్లలు అక్కడే ఉండి, వాళ్లతో కలిసి పని చేశారు. సర్వోదయ శ్రమదాన ఉద్యమం అలా మొదలైంది. అక్కడ పార ఎవరి చేతికి మారిందో గమనించండి.

మూడో రోజు ముందుగా నేనే చీపురు పట్టాను. పిల్లలకు నోటు పుస్తకాలు, మూడు గాజు సీసాలు ఇచ్చాను. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఒకదాంట్లో పేట బోరు నీళ్లు, ఇంకోదాంట్లో రొయ్యల చెరువుల నుంచి వచ్చే మురుగు కోడు నీళ్లు. వరసగా విహారం అరుగు మీద పెట్టాం. చిన్న రాహులుడికి బుద్ధుడు ధమ్మం చెప్పింది కూడా నీళ్ల పాత్ర చూపించే గదా! ఏ పని అయినా చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక, నాకుగానీ ఇతరులకుగానీ దీనివల్ల కీడు ఉందా అని చూసుకోమన్నాడు. మా పిల్లలు ఆ ప్రశ్న మూడు సీసాలకూ వేశారు. ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఎవరు పాడుచేశారు? ఎవరికి రోగం?

కోడు వెంట నడిచి చూసొచ్చాక ఒక పిల్ల అడిగింది: "మాస్టారూ, ఊరి మురుగంతా మన పేట పక్క నుంచే ఎందుకెళ్తుంది?"

నేను పెట్టిన శిబిరానికి అర్థం ఆ పిల్ల చెప్పింది. పిల్లలే సొంత చేతిరాతతో అర్జీ రాశారు.

ఆఖరి రోజు గట్టు శుభ్రం చేయడానికి అన్ని వీధుల పిల్లల్నీ పిలిచాం. వేరే వీధుల నుంచి నలుగురే వచ్చారు. ఆ నలుగురూ మన పిల్లలతో కలిసి చెత్త ఎత్తారు, కలిసి అన్నం తిన్నారు. ఆ తల్లి కూడా వచ్చి వెనకాల కూర్చుంది. కొడుకు తన పుస్తకం చదివిందాకా కదల్లేదు.

ఈ వేసవిలో మీ ఊళ్లో శిబిరం పెట్టండి. ముందు పిల్లల చేతికి పుస్తకం ఇవ్వండి, నోటికి ప్రశ్న ఇవ్వండి. చీపురు పట్టే వేళకు ఊరి పిల్లలందర్నీ పిలవండి, మొదటి చీపురు మీరే పట్టండి.

భవతు సబ్బ మంగళం!