ఇద్దరి మొక్కూ ఒకే సామికి

టెన్నిస్ సింగిల్స్ పోటీలో ముప్పై ఇద్దరు దిగితే ముప్పై ఒక్కరు ఓడి తీరాలి. వరసగా అయిదు మ్యాచ్‌లు నెగ్గినవాడొక్కడికే కప్పు. మిగతావాళ్ళలో సోమరిపోతులెవరూ ఉండరు. దేవుణ్ణి తలుచుకోకుండా కోర్టులోకి దిగేవాళ్ళూ తక్కువే. తిరుపతిలో టెన్నిస్ నేర్చుకుంటున్న మా మేనల్లుడు ఒకరోజు నన్ను సూటిగానే అడిగాడు: "మామా, నేనూ సామికే మొక్కుకుంటా, అవతలోడూ సామికే మొక్కుకుంటాడు. సామి ఎవరి మాట వింటాడు?"

చిన్నపిల్లోడి మాట అని తోసెయ్యడానికి నాకు మనసొప్పలేదు. మా చంద్రగిరి పక్కనే శ్రీనివాసమంగాపురం, అక్కణ్ణించే శ్రీవారి మెట్టు. ఆ మెట్లెక్కేటప్పుడు ఎవరికీ పోటీదారు ఉండడు. నాకంటే ముందు వెయ్యిమంది కొండెక్కినా నాకు దొరికే దర్శనంలో వీసమెత్తు తరగదు. అక్కడ "నన్ను చేర్చు సామీ" అంటే ఇంకొకణ్ణి కిందికి తోయమని కాదు. కోర్టులో "నన్ను గెలిపించు" అంటే మాత్రం "వాణ్ణి ఓడించు" అన్నట్టే. ఒకే తండ్రి దగ్గరికి ఇద్దరు కొడుకులు వెళ్ళి ఒకరి మీద ఒకరు అడిగే వరం అది. ఆ వరం ఆయన ఎలా ఇస్తాడు?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు 2008 జనవరి, చెన్నై ఓపెన్ గుర్తొస్తుంది. అప్పట్లో మనకు దగ్గరలో జరిగే పెద్ద పోటీ అది. 2018లో అది పుణెకు తరలిపోయింది. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి, మా చిన్నాయన ఇంట్లో దిగి, నుంగంబాక్కం స్టేడియంలో సెమీఫైనల్ చూశాను. ఒకవైపు రఫాయెల్ నాదల్, మరోవైపు కార్లోస్ మోయా. ఇద్దరిదీ మజోర్కా దీవే, మంచి స్నేహితులు కూడా. మోయా అప్పటికే 2004లో, 2005లో ఇక్కడ కప్పు కొట్టినవాడు. మూడు సెట్లూ టైబ్రేకర్ దాకా వెళ్ళాయి. దాదాపు నాలుగు గంటలు. మద్రాసు ఉక్కకు చొక్కాలు ఒళ్ళంతా అతుక్కుపోయాయి. పాయింటు పాయింటుకూ తువ్వాలు, మళ్ళీ గీత దగ్గరికి. మోయా గెలుపు గుమ్మం దాకా వచ్చాడు. నాదల్ వదల్లేదు. 6-7, 7-6, 7-6తో నాదల్ నెగ్గాడు.

మర్నాడు ఫైనల్లో మిఖాయిల్ యూజ్నీ చేతిలో అదే నాదల్ 6-0, 6-1తో ఓడిపోయాడు. ప్రపంచంలో రెండో ర్యాంకు ఆటగాడు, మొత్తం ఆటలో నెగ్గింది ఒక్క గేమ్. ముందురోజు రాత్రి అంత తపస్సు చేసినవాడికి దక్కిన ఫలం అదా? చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారే, ఆ లెక్క ఇక్కడ ఎలా కుదురుతుంది?

కుదురుతుందని నా నమ్మకం. లెక్క సరిగ్గా వేస్తేనే గానీ కుదరదు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా అయిదు కారణాలు చెప్పారు: శరీరం, కర్త, ఇంద్రియాలు, ప్రాణాల కదలిక, అయిదోది దైవం. వరసలో మొదటిది శరీరం. దైవం చివర. నాదల్‌కు ఆ ఆదివారం తప్పిపోయింది మొదటిదే, కాళ్ళు. 2016 యూఎస్ ఓపెన్‌లో మన సాకేత్ మైనేనికి జరిగిందీ అదే. క్వాలిఫయింగ్ మ్యాచ్‌లన్నీ నెగ్గి మెయిన్ డ్రాలోకి వచ్చి, యిరీ వెసెలీ మీద రెండు సెట్లు ఒకటితో ముందుండి, కండరాలు పట్టేసి అయిదో సెట్‌లో 5-7తో ఓడాడు. అప్పుడు మా ఊళ్ళో టీ అంగడి దగ్గర "దేవుడు కలిసిరాలేదు" అన్నవాళ్ళున్నారు. నాకది నచ్చదు. మొదటి నాలుగు కారణాలనూ ఎత్తకుండా తిన్నగా అయిదోదాని మీద నెపం వెయ్యడం భక్తి అనిపించుకోదు.

అట్లాగని అయిదోదాన్ని కొట్టెయ్యడానికీ లేదు. రామానుజులవారి దృష్టిలో ఆ అయిదింటిలోనూ ముఖ్యం పరమాత్మే, లోపల ఉండి నడిపేవాడు. మరి అన్నీ ఆయనే చేయిస్తే మనిషి చేసేదేముంది? దీనికి శ్రీభాష్యంలో రామానుజులు చూపించిన ఉదాహరణ నా మనసుకు బాగా పట్టింది. ఎందుకంటే నేను చంద్రగిరి రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసి బతికేవాణ్ణి. ఇద్దరికి ఉమ్మడిగా ఉన్న సొత్తును ఒకడు మూడోవాడికి ఇవ్వాలంటే రెండోవాడి అనుమతి కావాలి. ఆ అనుమతి రాబట్టుకునేది మాత్రం ఇవ్వాలనుకున్నవాడే, అందుకని ఫలం అతనిదే అంటారు రామానుజులు. నేను రోజూ చూసేది ఇదే. ఉమ్మడి చేను మొత్తం అమ్మాలంటే తమ్ముడు కూడా వచ్చి వేలిముద్ర వెయ్యాలి. ఆ ముద్ర లేకుండా పని జరగదు. కానీ బేరమాడింది అన్న, అడ్వాన్సు పుచ్చుకున్నది అన్న. బేరం చెడితే తమ్ముణ్ణి తప్పుపట్టేవాళ్ళుండరు.

మేనల్లుడికి నేను చెప్పిందీ ఇదే. సామి అనుమతి లేకుండా నీ చెయ్యీ లేవదు, అవతలోడి చెయ్యీ లేవదు. ఇద్దరికీ ముద్ర వేసేవాడు ఆయనే, ఇద్దరిలోనూ ఉన్నవాడు ఆయనే. ఆ ముద్ర ఆటకు, స్కోరుకు కాదు. బంతి నెట్ అంచుకు తగిలి ఇటు పడడం కూడా ఆయన లీలే అనే పెద్దలున్నారు. అక్కడా ఆయన ఉన్నాడని నేనూ ఒప్పుకుంటాను. ఒకణ్ణి కొట్టడానికి ఉన్నాడంటే మాత్రం ఒప్పుకోను. అందుకని గెలిపించమని అడక్కు. కాలు నిలబడాలని అడుగు, చూపు చెదరకూడదని అడుగు, కోపం రాకుండా చూడమని అడుగు. అవి అవతలోడికి ఇచ్చినా నీకు తగ్గేవి కావు.

"మరి ఓడిపోతే?" అన్నాడు. ఓడిపోతే ఆ అయిదింటిలో తగ్గిందేదో చూసుకుని, నీ చేతిలో ఉన్నదాన్ని దిద్దుకోమన్నాను. అబ్బోడికి అది పూర్తిగా రుచించలేదు. పదమూడేళ్ళ వయసులో రుచించాలనీ లేదు.

నా అసలు బెంగ ఓడినవాళ్ళ గురించి కాదు. ఓడినవాడు ఎలాగూ దైవాన్ని తలుచుకుంటాడు. గెలిచినవాడు తనొక్కడే చేశానని అనుకుంటాడు. అయిదు కారణాలు చెప్పిన శ్లోకం తరవాత గీత హెచ్చరించింది కూడా వాణ్ణే: కేవలం తనే కర్తనని చూసేవాడు ఉన్నదాన్ని చూడటం లేదని. 2008లో కప్పు అందుకున్న యూజ్నీ మాత్రం, తాను అద్భుతంగా ఆడి గెలిచింది కాదని, ఆ రోజు రఫా పరుగెత్తలేకపోయాడని అందరి ముందూ ఒప్పుకున్నాడు. వెసెలీ ఏమన్నాడో నేను వినలేదు గానీ, యూజ్నీ మాట విన్నాక ఆ కప్పు అతనికి దక్కడం న్యాయమేననిపించింది.