మూలకాండము లేని వటవృక్షము

కలకత్తాకు ఎదుట, గంగ ఆవలి యొడ్డున, షాలిమారు రైలు స్టేషనుకు అనతిదూరమున శిబపూరు వృక్షోద్యానము గలదు. అందలి మహావటవృక్షముయొక్క మూలకాండము తెగులు సోకుటచే 1925లో తొలగింపబడినది. వేలకొలది ఊడలపై వృక్షము నేటికిని నిలిచియున్నది. మొదలేదని వెదకువానికి అచ్చట ఖాళీచోటే కన్పట్టును.

అమెరికా తత్త్వవేత్త చార్లెస్ సాండర్స్ పర్స్ (1839–1914) రచనలను చదువువాని స్థితియు ఇట్టిదే. ఆయన తన తత్త్వమునంతటిని ఒక గ్రంథముగా ప్రకటింపలేదు. 1931 మొదలు 1958 వరకు హార్వర్డు విశ్వవిద్యాలయము ఎనిమిది సంపుటములను వెలువరించినది. సంపాదకులు వానిని కాలక్రమమున గాక విషయక్రమమున కూర్చిరి. అందుచే యౌవనమున వ్రాసిన పుటకు చేరువనే వార్ధక్యమున దానిని దిద్దిన పుట నిలుచును. పాఠకుడు తికమకపడుటలో వింతలేదు.

ఐదవ సంపుటము చూడుడు. దూదిలో ఏర్పడి, ఏ రాపిడియు పొందకయే కాలిపోయిన వజ్రము కఠినమైనదా? అది మాటల యేర్పాటు మాత్రమేయని పర్స్ 1878లో వ్రాసెను. 1905లో తానే దానిని త్రోసిపుచ్చెను: పరీక్ష జరుగకున్నను, జరిగినచో గీత పడనితనము వాస్తవమే. నడుమ ఇరువదియేడేండ్లు.

ఇది తార్కికుల వినోదము గాదు. ప్రలోభము నెన్నడు నెరుగని వాని నిగ్రహమును గూర్చియు ఇదే ప్రశ్న. మొదటి పుటతో ఆగినవాడు, అది కలదా లేదా యనుట వట్టి మాటలపోరనును. రెండవదానిని పైపైన చదివినవాడు, పరీక్ష లేకయే సుగుణము తనకు దక్కినదని సంతోషించును. కాని ఆ పుట అంత సులభముగా లొంగదు. నిగ్రహము తనయందు కలదనువాడు ఏ స్థితిలో ఎట్లు ప్రవర్తించునో ముందే చెప్పవలెను. ఆ స్థితి వచ్చిననాడు తన మాట తప్పగుటకును సిద్ధపడవలెను.